బొమ్మకి కూర్చోవడం రాదు

కంప్యూటర్లో మనిషి పుట్టగానే నిలబడే ఉంటాడు. ఏడవడు, బోర్లా పడడు, పాకడు. మెనూలో ఒక పేరు మీద నొక్కితే చాలు, బూడిదరంగు నేల మీద వచ్చి నిలుచుంటాడు. చేతులు రెండూ పక్కలకి వేలాడుతుంటాయి. చూపు ఎటో దూరంగా ఉంటుంది. కాళ్ళకి బూట్లుంటాయి. ఆ బూట్ల గురించి తర్వాత చెప్తాను, నాకు వాటితో కొంచెం పేచీ ఉంది.

వీణ్ణి పుస్తకాల్లో డిజిటల్ హ్యూమన్ మోడల్ అంటారు. నాకు మాత్రం బొమ్మ. ఒక యంత్రమో, బల్లో, బస్సు డ్రైవరు సీటో ఇంకా గీతల్లో ఉండగానే, రేపు దాని దగ్గర పనిచేసే మనిషి ఎంత వంగాల్సొస్తుంది, పై అరకి చెయ్యి అందుతుందా, బరువెత్తితే నడుం ఓర్చుకుంటుందా అని ముందుగా చూసుకోవడానికి దీన్ని వాడతారు. బొమ్మ తనంతట తాను ఏ పనీ చెయ్యదు. పనిలో నిలబెట్టాలి. నడుం వంచాలి, మెడ తిప్పాలి, మోచెయ్యి మడవాలి, వేళ్ళు ముడవాలి. ఆ పనే నాది. మాది పూడిమడక, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం. కరోనా తర్వాత ఇంటి నుంచి పని అలవాటయ్యాక, సముద్రపు హోరు వినిపించే గదిలో కూర్చుని, నేను ఎన్నడూ చూడబోని కార్ఖానాల్లో ఎన్నడూ ఎదురుపడని మనుషుల నడుములు సరిచేస్తుంటాను.

ఈ బొమ్మలకి అరవై ఏళ్ళ వంశచరిత్ర ఉంది. 1960లలో బోయింగ్ కంపెనీలో విలియం ఫెటర్ అనే ఆయన విమానం కాక్‌పిట్‌లో పైలట్ చెయ్యి ఎంతదూరం అందుతుందో తెలుసుకోవడానికి కంప్యూటర్ చేత గీతల మనిషిని గీయించాడు. తర్వాత ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో శామీ పుట్టింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ ప్రయోగశాలలో 1980లలో పెరిగిన జాక్ చేతులు మారి మారి చివరికి సీమెన్స్ ఇంట తేలాడు. జర్మనీ కార్ల పరిశ్రమ రామ్‌సిస్‌ని పెంచుకుంది, అయోవా విశ్వవిద్యాలయం శాంటోస్‌ని. అందరికీ పేర్లున్నాయి, పుట్టిన ఊళ్ళున్నాయి. ఒక్కడికీ ఇంటిపేరు లేదు, ఆకలి లేదు, సాయంత్రం లేదు.

భంగిమ సరిచెయ్యడానికి రెండు దారులు. ఒకటి, కీలు కీలుకీ కోణం ఇచ్చుకుంటూ పోవడం. భుజం ముందుకి ఇంత, మోచెయ్యి ఇంత, మణికట్టు ఇంత. ఇది నిదానం. రెండోది, అరచేతిని పట్టుకుని కావలసిన చోటికి లాగెయ్యడం. లాగితే మణికట్టు, మోచెయ్యి, భుజం, అవసరమైతే నడుం కూడా వెనకాలే వస్తాయి. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆడించేవాడు బొమ్మ చేతికి కట్టిన పుల్లని కదుపుతాడు, మోచేతి దగ్గర ముడి దానంతటదే మడుచుకుంటుంది. తేడా ఏమిటంటే తోలుబొమ్మ మోచెయ్యి ఎటైనా తిరుగుతుంది, మా బొమ్మకి ప్రతి కీలు దగ్గరా ఇంతవరకే అని హద్దు రాసి ఉంటుంది. జాక్ నడుం, వీపు కలిపి 17 కదిలే ముక్కలు. ఒక్కోదానికీ కోణం ఇవ్వాలంటే తెల్లారుతుంది గనక, వంచితే పదిహేడూ తలా కొంచెం పంచుకునేలా రాశారు. అన్నిటికంటే మొండిది భుజం. మనం చెయ్యి పైకెత్తితే లేచేది చెయ్యొక్కటే కాదు, వీపు మీది రెక్క ఎముక కూడా తిరుగుతుంది. మొత్తం ఎత్తులో సుమారు రెండు వంతులు భుజం కీలుది, ఒక వంతు రెక్కది. ఆ పంపకంలో కాస్త తేడా వచ్చినా భుజం విరిగినట్టే కనిపిస్తుంది.

చెయ్యి చేరాల్సిన చోటు ఒకటే అయినా అక్కడికి ఒంటికి ఎన్నో దారులుంటాయి. ఒకడు నడుం వంచుతాడు. ఒకడు మోకాళ్ళు వంచుతాడు. ఒకావిడ అడుగు ముందుకేసి పని ముగించేస్తుంది. సాఫ్ట్‌వేర్ వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. రామ్‌సిస్ అయితే నిజం మనుషుల్ని సీట్లలో కూర్చోబెట్టి కొలిచిన లెక్కల్లోంచి, ఎక్కువమంది ఎలా కూర్చుంటారో అలా కూర్చోబెడుతుంది. శాంటోస్ అసౌకర్యాన్ని ఒక సమీకరణంగా రాసుకుని, అది బాగా తగ్గే భంగిమని వెతుక్కుంటాడు. మనమూ కష్టం తక్కువైన దారే వెతుక్కుంటాం. కానీ మన లెక్కలో మేస్త్రీ చూస్తున్నాడా, పక్కవాళ్ళు నవ్వుతారా, చీర జారుతుందా, ఇది రోజుకూలీయా పీసు రేటా అన్నవి కూడా ఉంటాయి. సమీకరణంలో వాటికి గుర్తులు లేవు.

భంగిమ కుదిరాక మార్కులు వేస్తారు. బాగా వాడుకలో ఉన్నది రూలా అనే పద్ధతి. 1993లో నాటింగ్‌హామ్‌లోనే లిన్ మెకటామ్నీ, నైజెల్ కార్లెట్ తయారుచేశారు. పైచెయ్యి ముందుకి 20 డిగ్రీల లోపు ఉంటే ఒక మార్కు, 45 దాకా రెండు, 90 దాకా మూడు, దాటితే నాలుగు. మెడ ముందుకి 10 డిగ్రీల లోపు వంగితే ఒకటి, 20 దాటితే మూడు. నడుముకి 20 దగ్గరొక మెట్టు, 60 దగ్గరొక మెట్టు. పట్టికల్లో అన్నీ కలిపితే ఒకటి నుంచి ఏడు లోపు ఒక అంకె తేలుతుంది. ఒకటీ రెండూ అయితే ఫరవాలేదు. ఏడైతే వెంటనే ఏదో ఒకటి మార్చాలి. మార్కులు తక్కువొచ్చినవాడే ఫస్టు వచ్చే పరీక్ష ఇది.

ఈ మెట్ల దగ్గరే, వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. చెయ్యి 46 డిగ్రీల దగ్గర ఉంటే మూడు మార్కులు, 44 దగ్గర ఉంటే రెండు. మౌసుని పిసరంత కదిపితే తెరమీద ఎరుపు పసుపైపోతుంది. అదే బల్ల ఎత్తు మార్చాలంటే మెకానికల్ వాళ్ళతో వాదించాలి, కొత్త డ్రాయింగు గీయాలి, ధర పెరుగుతుంది, సరుకు ఆలస్యమవుతుంది. బొమ్మ మోచెయ్యి కాస్త దించడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. అసలు బొమ్మతో వచ్చిన చిక్కంతా ఇదే. అది దేనికైనా ఒప్పుకుంటుంది.

భంగిమ మనిషి సొంతం అనుకుంటాం. నిటారుగా కూర్చో, గూని పడకు అని పిల్లల్ని అదిలిస్తాం. డాక్టరు దగ్గరికి నడుం నొప్పని వెళ్తే ఎలా కూర్చుంటున్నారు అని అడుగుతాడే గానీ, ఎక్కడ కూర్చుంటున్నారు అని అడగడు. పని దగ్గర ఎవరూ సరదాకి వంగరు. సూది ఎక్కడుంటే చూపు అక్కడికి పోవాలి, చూపు వెంట మెడ పోవాలి, మెడ వెంట వీపు. వంచేది బల్ల, వెలుతురు, గంటకిన్ని ముక్కలు తియ్యాలన్న లెక్క. అందుకని ఆ ఏడు మార్కులు బొమ్మవి కావు, బల్లవి. బొమ్మ పక్కన కాకుండా బల్ల పక్కన ఆ అంకె వెయ్యమని నేను ఒకరిద్దరితో అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో దానికి గడి లేదన్నారు.

మా పిన్ని చేపలమ్ముతుంది. వేలంలో కొన్నది గంపకెత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. మధ్యాహ్నం ఖాళీ అయితే వచ్చి నా వెనకాల గుమ్మంలో కూర్చుని తెర చూస్తుంది.

"ఏటి బావు, ఆడ్ని అలాగ వంచీసి ఒగ్గీసినావు? ఎంతసేపని ఉంటాడు?"

"ఎంతసేపైనా ఉంటాడు పిన్నీ. ఆడికేం నొప్పా?"

"ఆడికి నేదు. రేపు అక్కడ నిలబడీవోడికి ఉంటాది కదా."

ఎంతసేపు అన్నదానికి రూలాలో ఉన్న జవాబు ఒక్క మార్కు. కదలకుండా ఉండిపోయే పనైతే ఒకటి కలుపు, నిమిషానికి నాలుగుసార్లు మించి చేసిందే చేసే పనైనా ఒకటి కలుపు. ఆ గీత దాటాక గంటైనా అదే మార్కు, షిఫ్టంతా అయినా అదే. దీనికి పద్ధతి రాసినవాళ్ళని అనకూడదు. వాళ్ళు దాన్ని చూడగానే తేల్చే పరీక్షగా రాశారు, ముందు ఏ పని దగ్గరికి పరిగెత్తాలో తెలుసుకోవడానికి. దాన్నే తుది తీర్పుగా వాడుకుంటున్నది మేం.

ఇప్పుడు బూట్ల సంగతి. పూడిమడకలో వలలు బాగుచేసేవాళ్ళని తీరిగ్గా చూడాలంటే ఏప్రిల్ 15 తర్వాత రావాలి. తూర్పు తీరంలో అప్పట్నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలు వేటకి వెళ్ళకూడదు. పడవలు ఇసక మీద ఉంటాయి, వలలు ఒడ్డున పరుచుకుని ఉంటాయి. ఒకతను కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటాడు. చిరిగిన కన్ను పక్కన దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, కాలు కాస్త ముందుకి తోసి బిగువు చేస్తాడు. ఒక చేత్తో వల, ఇంకో చేత్తో దారం చుట్టిన ప్లాస్టిక్ సూది. బిగువు ఎంతుండాలో వేలికి తెలుసు. ముడి పడే ముందు రవ్వంత వదులు చేస్తుంది, పడగానే మళ్ళీ లాగుతుంది. మూడో చెయ్యి అది.

బొమ్మకి చేతివేళ్ళు కణుపు కణుపుగా చేశారు. బొటనవేలు చూపుడువేలుతో కలిపి స్క్రూ పట్టుకునే తీరు వేరు, సుత్తి పట్టుకునే తీరు వేరు, రెండూ సిద్ధంగా ఉంటాయి. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి బూటు. ముందుభాగం మడిచేందుకు ఒక కీలు, అంతే. పనిచేసేవి చేతులు, మోసేవి కాళ్ళు అన్న నమ్మకం అందులో కుట్టేసి ఉంది. కార్ల కార్ఖానాకి ఆ నమ్మకం సరిపోతుంది, అక్కడ బూట్లు లేకుండా గేటు దాటనివ్వరు. వల దగ్గర మాత్రం ఈ బొమ్మ అవిటిది.

కూర్చోబెట్టడం ఇంకా కష్టం. కుర్చీలో అయితే చక్కగా కూర్చుంటుంది. నేల మీద గొంతుక్కూర్చోబెట్టబోతే తొడ పిక్కలోకి దూరిపోతుంది, ఎందుకంటే రెండూ గట్టి ముక్కలు, నొక్కుకుపోవడం వాటికి తెలియదు. నిజం మనిషి అలా కూర్చున్నప్పుడు తొడ పిక్క మీద ఆనుతుంది, ఒంటి బరువులో కొంత ఆ ఆనుకున్న చోటే దిగిపోతుంది. ఆ కూర్చోవడంలో సుఖమంతా అక్కడే. బొమ్మ లెక్కలో ఆ ఆనిక లేదు గనక బరువంతా మోకాలి మీద పడ్డట్టు చూపిస్తుంది. మార్కుల పద్ధతులూ అదే దారి. ఫిన్లండ్ ఉక్కు కార్ఖానాలో పుట్టి 1977లో వెలువడిన ఓవాస్‌లో వీపుకి నాలుగు, చేతులకి మూడు, కాళ్ళకి ఏడు, బరువుకి మూడు రకాలు, కలిపి గుణిస్తే 252 కలయికలు. అందులో మోకాళ్ళు మడిచి ఉండటం బాగా చెడ్డవాటి సరసన ఉంది. 2000లో వచ్చిన రీబాలో మోకాలు 60 డిగ్రీలు దాటి మడిస్తే రెండు మార్కులు కలుస్తాయి, కుర్చీలో కూర్చుంటే మినహాయింపు. కొలిమి దగ్గర మోకాళ్ళు వంచి నిలబడే మనిషికి అది న్యాయమే. మా ఊళ్ళో చేపల కుప్ప ముందు గొంతుక్కూర్చుని బేరమాడే మనిషి మాత్రం ఆ పూటకి విశ్రాంతి తీసుకుంటున్నట్టు లెక్క.

గోర్డన్ హ్యూస్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1950లలో ప్రపంచమంతా మనుషులు ఎలా కూర్చుంటారు, ఎలా నిలబడతారు అని పోగుచేసి, మనిషి నిలకడగా ఉండగలిగే భంగిమలు వెయ్యి దాకా ఉంటాయని అంచనా వేశాడు. కుర్చీ వాటిలో ఒకటి. వేలం జరిగే చోట ఒక గంట నిలబడితే ఆ వెయ్యిలో పాతిక ముప్ఫై కనపడతాయి. గొంతుక్కూర్చున్నామె కాసేపటికి ఒక మోకాలు నేలకి ఆనిస్తుంది. తర్వాత బాసింపట్టు వేస్తుంది. బేరం తెగకపోతే ఒక కాలు చాపి, చెయ్యి వెనక్కి ఆన్చి, జారగిలబడుతుంది. తెగితే లేచి నిలబడి నడుం మీద చెయ్యేస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్ని ఆపి ఫోటో తీసి కోణాలు కొలిచినా మార్కులు బాగా రావు. అయినా ఆ గంటలో ఆమెకి నొప్పి పట్టలేదు, దేన్లోనూ ఉండిపోలేదు గనక.

దీన్ని పట్టుకుని మన పాత అలవాట్లన్నీ గొప్పవని చంకలు గుద్దుకోవడం నాకు నచ్చదు. బీజింగ్‌లో ముసలివాళ్ళ మోకాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనం 2004లో వెలువడింది. వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్ళలో మోకాలి అరుగుదల ఎక్కువ కనిపించింది. మా పిన్ని మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. గొంతుక్కూర్చోవడం సుఖమే, అదే పనిగా కూర్చోవడం కాదు.

గంప సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. గంప తలకెత్తుకోవాలంటే ఇంకొకరు సాయం పట్టాలి. రోడ్డున పోయేవాళ్ళని కూడా ఆపి ఒక చెయ్యెయ్యమంటారు. ఒకసారి నెత్తికెక్కాక మనిషి నిట్టనిలువు. మెడ కదలదు, వీపు వంగదు, చేతులు ఊగుతుంటాయి. ఈ మనిషిని కోణాలతో కొలిస్తే వంక పెట్టడానికేం దొరకదు. బరువుకి మార్కులు విడిగా కలుస్తాయి గానీ, మెడపూసలు ఎంత నలుగుతున్నాయో ఏ గడిలోనూ రాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇచ్చిన బరువుల సూత్రం, అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు దాటొద్దంటుంది. ఆ సూత్రం రెండు చేతులతో ఎత్తే పనికి. నడుం అడుగు పూస మీద నొక్కుడు 3,400 న్యూటన్లు దాటితే జాగ్రత్త అనేదీ వాళ్ళే. నెత్తిన గంప ఆ సూత్రం గుమ్మం దాకా కూడా రాదు. అలా హాయిగా కూర్చున్న మనిషికి ఎర్రరంగు, మెడ అరిగిపోతున్న మనిషికి పచ్చరంగు పడతాయి. రెండు తప్పులకీ మూలం ఒకటే, కోణం మాత్రమే చూడటం.

తెల్లవారుజామున అచ్యుతాపురం రోడ్డు మీద కంపెనీ బస్సులు వరసకడతాయి. శ్రీలంకకి చెందిన బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో ఏర్పరచిన వస్త్ర పార్కుకి చుట్టుపక్కల ఊళ్ళనుంచి వేలమంది ఆడవాళ్ళు వెళ్తారు. గంప మొయ్యనక్కర్లేదు, ఎండలో తిరగనక్కర్లేదు, నెలకి జీతం చేతికొస్తుంది. పిన్ని కూతురికి గంప వద్దనుకుంది, నేనైనా వద్దనే అంటాను. రూలా మొదట తయారైనప్పుడు పరీక్షించిన పనుల్లో బట్టలు కత్తిరించడం, కుట్టడం, మడతపెట్టి ప్యాక్ చెయ్యడం కూడా ఉన్నాయి. అంటే నా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆ పట్టిక వెనక నిజంగానే మిషన్ ముందు కూర్చున్నవాళ్ళ మెడలున్నాయి.

కుట్టు మిషన్ దగ్గర బొమ్మని కూర్చోబెట్టడం మంచి కసరత్తు. చూపు సూది మొన మీద నిలపాలి, పాదం పెడల్ మీద ఉండాలి, రెండు చేతులూ గుడ్డని నడపాలి. ఈ మూడూ బిగించాక మిగతా ఒంటికి స్వేచ్ఛ ఎంత మిగిలిందో చూస్తే జాలేస్తుంది. బల్ల దించితే మెడ వంగుతుంది. మెడ కోసం బల్ల ఎత్తితే భుజాలు పైకి లేస్తాయి. పెడల్ దగ్గరికి జరిపితే మోకాలు బల్ల కిందకి తగులుతుంది, దూరం జరిపితే కుర్చీ అంచుకి జారాలి. బల్లని కాస్త వాలుగా పెడితే, కుర్చీ ఎత్తు మార్చుకునే వీలుంటే, పెడల్ జరుపుకునేలా ఉంటే చాలా మెరుగు. ఇంత చేసినా మెడ ఖాళీగా ఉండే క్షణం దొరకదు. వేలం దగ్గర గంటలో పాతిక రకాలు కూర్చున్న మనిషికీ ఈ మనిషికీ తేడా కోణాల్లో లేదు. ఈమె లేచి ఒళ్ళు విరుచుకోవాలంటే లైను ఆగాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భంగిమ అలివి వల లాగేవాళ్ళది. పడవ వలని నీళ్ళలో అర్ధచంద్రంగా పరిచి వస్తుంది. రెండు తాళ్ళు ఒడ్డుకొస్తాయి, రెండు జట్లు లాగుతాయి. తాడు పట్టుకుని, మడమలు ఇసకలో దిగేసి, మనిషి వెనక్కి వాలతాడు. ఆ వాలు చూస్తే పడిపోవాలి. మా సాఫ్ట్‌వేర్ కూడా అదే అంటుంది. ఒంటి బరువు పడే చోటు పాదాల చుట్టూ గీసిన గీత దాటిందా, నిలకడ లేదని హెచ్చరిస్తుంది. చేతుల్లో తాడు ఎంత బలంగా లాగుతోందో టైపు చేశాకే ఒప్పుకుంటుంది. అవతల సముద్రం, ముందు నలుగురు, వెనక నలుగురు ఉంటే తప్ప ఆ మనిషి ఆ వాలులో ఉండలేడు. ఒక్కణ్ణి విడదీసి బూడిదరంగు నేల మీద పెడితే ఆ భంగిమకి అర్థం పోతుంది. అక్కడ నేల కూడా గట్టిది, ఇసక కాదు.

ఏ పనీ లేనప్పుడు ఒళ్ళు ఎలా ఉంటుందో కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1973-74లో స్కైలాబ్‌లో గురుత్వం లేని చోట వ్యోమగాములు కండరాలు వదిలేస్తే ఒళ్ళు ఎలా నిలుస్తుందో నాసా ఫోటోలు తీసి కోణాలు రాసుకుంది. మోకాళ్ళు, తుంటి కాస్త మడిచి, చేతులు ముందుకి తేలి, మెడ కొంచెం ముందుకి వంగి. నిటారుగా నిలబడటం కాదు, కుర్చీలో కూర్చోవడమూ కాదు. మా ఊరి పిల్లలు అల వెనకాల నీళ్ళలో ఊరికే తేలేటప్పుడు చూడండి, ఇంచుమించు అదే. బొమ్మని మెనూలోంచి పిలిచినప్పుడు అలా వస్తే బాగుండునని నాకుంటుంది, కస్టమర్లు హడలిపోతారు గానీ.

బొమ్మ ఎంత పొడుగు అన్నది ఇంకో తగాదా. చెయ్యి అందాలంటే పొట్టి ఆడమనిషిని పెట్టి చూడాలి, తల తగలకూడదంటే పొడుగు మగాణ్ణి పెట్టి చూడాలి. నూరుమందిని ఎత్తు ప్రకారం నిలబెడితే మొదట్నుంచి అయిదోవాళ్ళు, చివర్నుంచి అయిదోవాళ్ళు మాకు హద్దులు. ఆ నూరుమంది ఎవరన్నదే ప్రశ్న. చాలాకాలం అందరూ అమెరికా సైన్యం 1988లో తీసిన కొలతలే వాడారు, సిపాయిలు గట్టిగా నిలబడతారు, కొలవడం సులువు. మన దేశపు కొలతలు అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ నుంచి దేబ్‌కుమార్ చక్రవర్తి 1997లో పుస్తకంగా తెచ్చారు. జాక్‌లో అవి కూడా చేరాయి. పిన్నిని గుమ్మానికి ఆనించి టేపుతో కొలిచి బొమ్మ చేశాను. సిపాయిల లెక్కలో ఆవిడ మొదటి వరసకి కూడా రాదు. అహ్మదాబాద్ లెక్కలో చోటు దొరికింది, సంతోషించింది.

ఆ బొమ్మతో ఒక ఆట మొదలుపెట్టాను. పూడిమడక చుట్టూ ఇప్పుడు కాగితాల మీద చాలా ఉంది. 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ ఇక్కడిదే. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్, 7,500 టన్నుల దాని ఉత్పన్నాలు లక్ష్యం. అలాంటి ప్లాంట్ల నమూనాల్లో వాల్వు చక్రం చేతికందుతుందా, నిచ్చెన మీద మలుపు తిరగొచ్చా అని బొమ్మల్ని నిలబెట్టి చూడటం మామూలే. ఇక్కడి గీతల్లో కూడా ఎక్కడో ఒకడు బూట్లేసుకుని నిలబడే ఉంటాడు. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన చేపల రేవుల జాబితాలో కూడా పూడిమడక పేరుంది. వేలం షెడ్డులో మాత్రం బొమ్మని పెట్టి చూడాలని ఎవరికీ తోచదు, చేపలు కొనేవాళ్ళు ఎలాగో కొంటారు కదా అని. అందుకని ఎవరూ అడక్కుండానే నేనొక షెడ్డు గీసి, పిన్ని ఎత్తు బొమ్మని అందులో దింపాను. సలహాదారు గుమ్మంలోనే ఉంది.

ముందు చేపలు నడుమెత్తు బల్ల మీద పెట్టాను. వంగే పని తప్పుతుంది, మార్కు మూడుకి దిగింది. పిన్నికి నచ్చలేదు. పొద్దున్నించి నిలబడి చావాలా అంది. నేలమీదే పెట్టి చూపిస్తే, అదెందుకు, ఇప్పుడున్నదదే కదా అంది. చివరికి ఒక పక్క బల్ల, ఒక పక్క జానెడెత్తు అరుగు, మధ్యలో గంప దించుకుని మళ్ళీ ఎవరి సాయం లేకుండా నెత్తికెత్తుకునేలా భుజమెత్తు దిమ్మ ఒకటి వేశాం. ఈ దిమ్మ ఆలోచన పూర్తిగా ఆవిడది. ఎత్తించమని ఎవర్నీ బతిమాలక్కర్లేదని దాన్ని మూడుసార్లు పెద్దది చేయించింది.

కొళాయి దగ్గర ఆగిపోయాం. నడుమెత్తులో పెడితే వంగకుండా కడుక్కోవచ్చని నా వాదన.

"అంతెత్తునెడితే నీళ్ళు మీద సిమ్మవా? సేపలు ఎత్తి పట్టుకుని కడగాలా? కిందెట్టు. కూకుని కడుక్కుంటాం."

"మోకాళ్ళు అరిగిపోతాయి పిన్నీ."

"అరిగిపోనాయి కదేటి ఇప్పటికే."

రెండెత్తుల్లోనూ రెండు కొళాయిలు పెడదామన్నాను. రెండు పెడితే ఒకదానికి నీళ్ళు రావట.